వేరుసెనగ చేను, దిగుమతి సుంకము

పాకాల పరిసరములలోనో, పుంగనూరు మెట్టభూములలోనో ఒక రైతు తొలకరికి వేరుసెనగ విత్తుచున్నాడనుకొందము. అతనికి తెలిసిన శత్రువులు నాలుగు: బెట్ట, అడవిపంది, ఆకుముడత, కాయ తీయునాటి వాన. వీనిని గురించి ఊరిలో ఎవరినడిగినను చెప్పగలరు. అతని ఆదాయమును శాసించునది ఐదవది యొకటి కలదు. అది చేనిలో కనబడదు. విదేశములనుండి ఓడలపై వచ్చు వంటనూనెమీద ఎంత సుంకము వసూలు చేయవలెనో తెలుపుచు ఢిల్లీలో కేంద్రప్రభుత్వము వెలువరించు ప్రకటన అది.

ఈ మాట పంచాయతీ సభ్యులకు మొదట వింతగా తోచవచ్చును. ఓడలో వచ్చునది తాటిజాతి చెట్టునుండి తీసిన పామాయిలు. మన రైతు పండించునది సెనక్కాయ. రెంటికిని సంబంధమేమి? ఇల్లాలి వంటగదిలో ఆ సంబంధము తెలియును. పామాయిలు చవుకైననాడు గానుగనూనె కొనువారు తగ్గుదురు. నూనెకు గిరాకి తగ్గిన మిల్లువాడు కాయకు తక్కువ ధర పలుకును. నూరు కిలోల ఎండుకాయను ఒలిచిన సుమారు డెబ్బది కిలోల పప్పు వచ్చును; దానిని ఆడించిన ముప్పది కిలోలకు అటునిటుగా నూనె దిగును; మిగిలినది చెక్క. ఆ ముప్పది కిలోల నూనెకు పట్టణములో ఏ ధర పలుకునో, కాయధరలో అధికభాగము దానినిబట్టియే యుండును. తినుటకు, విత్తనమునకు అమ్ముడుపోవు కాయకు వేరు గిరాకి ఉన్నమాట నిజమే. అయినను బజారులో ఒక ధర మరియొకదానిని లాగకమానదు.

ఇది మన ప్రాంతమునకు క్రొత్త అనుభవము కాదు. వేరుసెనగ దక్షిణ అమెరికానుండి వచ్చిన పైరు. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధములో మదరాసు రాష్ట్రపు ఎర్రనేలలలో అది విస్తరించుటకు ముఖ్యకారణము ఫ్రాన్సు దేశపు గిరాకి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము ఈ తాలూకాలలో చాలభాగము ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివి. ఆ సీమలో పండిన సెనగ పుదుచ్చేరి రేవునుండి మార్సేల్ నగరమునకు పోయి, అచట నూనెగా, సబ్బుగా మారెడిది. మొదటి ప్రపంచ యుద్ధములో ఓడలు దొరకక ఈ వర్తకము దెబ్బతిన్నది. 1930వ దశకములో ధరలు కూలినవి. అది చాలదన్నట్లు, తన వలసయైన సెనెగల్ దేశపు సెనగను కాపాడుటకై ఫ్రాన్సు ఇతర దేశముల సెనగపై సుంకము విధించినది. పారిస్ నగరములో కూర్చున్న శాసనసభ్యులకు మన మెట్టరైతు ఉన్న సంగతియే తెలియదు. వారి తీర్మానపు ఫలితము మాత్రము వాని గుమ్మము వరకు వచ్చినది. నాడు పరదేశపు సుంకము, నేడు స్వదేశపు సుంకము. తేడా ఏమనగా, నేటి సుంకమును నిర్ణయించువారిని మనమే ఎన్నుకొనుచున్నాము.

స్వాతంత్ర్యానంతరము కథ వేరొక త్రోవ పట్టినది. 1980వ దశకపు మధ్యలో వంటనూనెల దిగుమతికై విదేశమారకద్రవ్యము విరివిగా ఖర్చగుచుండెను. 1986లో కేంద్రప్రభుత్వము నూనెగింజల సాంకేతిక మిషన్‌ను ప్రారంభించినది. మేలురకపు విత్తనము, మద్దతుధర, సహకార సేకరణ, దిగుమతిపై అదుపు అన్నియు నొక్కసారిగా నడచినవి. 1985-86లో సుమారు 108 లక్షల టన్నులుగా నున్న నూనెగింజల ఉత్పత్తి 1996-97 నాటికి సుమారు 244 లక్షల టన్నులైనది. 1990వ దశకపు ఆరంభములో దిగుమతి నామమాత్రమునకు దిగినది. మన శాస్త్రజ్ఞుల కృషియు తక్కువ కాదు. తిరుపతి వ్యవసాయ పరిశోధనా స్థానమునుండి నారాయణి, కాళహస్తి, ధరణి వంటి రకములు తరువాతి కాలమున వెలువడినవి.

పిదప గాలి మారినది. 1994లో పామోలిన్ దిగుమతికి తలుపు తెరచి 65 శాతము సుంకము విధించిరి. 1995లో అది 30 శాతమునకు, 1996లో 20కి, 1998లో 15కు దిగినది. నాలుగేండ్లలో అరువదియైదు పదునైదైనది! ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందమే దీనికి కారణమని పలువురు తలంతురు. అది సరికాదు. ఆ ఒప్పందము ప్రకారము భారతదేశము పామాయిలుపై 300 శాతము వరకు సుంకము వేయవచ్చును. సోయానూనెకు మాత్రము 45 శాతము హద్దు ఉన్నది. కాబట్టి ఇంత త్వరగా తగ్గించవలెనని పరులెవరును మనలను నిర్బంధించలేదు. నిర్ణయము మనది.

అయితే ఆ నిర్ణయమునకు కారణములు లేకపోలేదు. సెనగ పండించువాడొకడైన, నూనె కొని తినువారు పదిమంది. ఆ పదిమందిలో కూలిజనము, పట్టణపు బీదలు, నూనెగింజలు పండించని రైతులు సైతము ఉన్నారు. రేషను దుకాణములో పామోలిన్ దొరికిన దినములలో ఆ ప్యాకెట్టుకై వరుసకట్టినవారిలో వేరుసెనగ రైతు ఇల్లాలును ఉండెను. నూనెధర ఎక్కువైన ఓటరు కోపించును. కాయధర తగ్గిన రైతు కోపించును. ఏ ప్రభుత్వమైనను ఈ రెండు కోపముల నడుమ నడువవలసినదే. తిరుపతి పరిసరములలో వేరుసెనగ విస్తీర్ణము తగ్గుటకు సుంకమొక్కటే కారణమనుట కూడ న్యాయము కాదు. వరుస కరవులు, కూలిరేట్లు, అడవిపందుల బాధ, బోరుబావుల క్రింద టమాటా, మెట్టపై మామిడి తోటలు ఇవన్నియు కలిసి ఈ మార్పు తెచ్చినవి.

ఇక దేశరక్షణ సంగతి. నేడు దేశము తనకు కావలసిన వంటనూనెలో సగమునకు పైగా విదేశములనుండి తెచ్చుకొనుచున్నది. 2023-24 నూనె సంవత్సరములో దిగుమతి సుమారు 160 లక్షల టన్నులు. దానికైన వ్యయము సుమారు 1 లక్ష 30 వేల కోట్ల రూపాయలు. పామాయిలు ఇండొనీసియా, మలేసియాలనుండియు, సోయానూనె ముఖ్యముగా అర్జెంటీనా, బ్రెజిల్‌లనుండియు, పొద్దుతిరుగుడు నూనె రష్యా, ఉక్రెయిన్ ప్రాంతమునుండియు వచ్చును. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధము మొదలైనది. అంతవరకు మనకు వచ్చు పొద్దుతిరుగుడు నూనెలో పెద్దపాలు ఉక్రెయిన్‌దే. నల్లసముద్రపు రేవులు మూతపడిన కొలదిదినములకే మన కిరాణా కొట్లలో ధర ఎగిరినది. అది చాలదన్నట్లు ఏప్రిల్ 28న ఇండొనీసియా తన ప్రజలకు నూనె కరవైనదని పామాయిలు ఎగుమతినే ఆపివేసినది. మే 23 వరకు తెరువలేదు. ఇండొనీసియాను తప్పుపట్టుటకు వీలులేదు. తన ఇంటి కుండ ముందు చూచుకొనినది. మన కుండ మనమే చూచుకొనవలెనని దీని అర్థము.

ఈ త్రాడునకు రెండవ కొస మన చేతిలోను ఉన్నది. 2019లో కాశ్మీరు విషయమున మలేసియా ప్రధానమంత్రి ఐక్యరాజ్యసమితిలో చేసిన వ్యాఖ్యలపై మన దేశములో నిరసన కలిగినది. 2020 జనవరిలో శుద్ధిచేసిన పామాయిలు దిగుమతిపై మన ప్రభుత్వము ఆంక్ష విధించినది. ఆ ప్రకటనలో మలేసియా పేరు లేకున్నను, ఆ దేశపు వర్తకులకు అది ఎవరిని ఉద్దేశించినదో తెలియకపోలేదు. ఎక్కువగా కొనువానికి ఆ బలము కలదు. కాని పూర్తిగా ఇతరులపై ఆధారపడిన ఇల్లాలు ఎంత బేరమాడగలదో కొనుబడి దేశమును అంతే బేరమాడగలదు.

మా దృష్టిలో రైతుకు సుంకము ఎంత అనుదానికంటె అది ఎప్పుడు మారునన్నది పెద్ద ప్రశ్న. ఇటీవలి సంగతి చూడుడు. 2024 సెప్టెంబరు 14న కేంద్రము ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెలపై మొత్తము సుంకమును 5.5 శాతమునుండి 27.5 శాతమునకు పెంచినది. రేవున నూరు రూపాయల నూనె నూటయిరువది యేడున్నర రూపాయలైనది. కాయ తీయుటకు కొలదివారములముందు వచ్చిన ఈ పెంపు రైతులకు హర్షము కలిగించినది. నూనెధర పెరిగినదని పట్టణములు మొరపెట్టినవి. 2025 మే 30న అదే సుంకము 16.5 శాతమునకు తగ్గించబడినది. మే 30! తొలకరికి విత్తనము కొనవలెనా, వద్దా అని రైతు లెక్క వేసికొను దినము అది. శుద్ధిచేసిన నూనెపై సుంకము మాత్రము 35.75 శాతముగానే నిలిచినది. దీనివలన ముడినూనె తెచ్చి ఇచట శుద్ధిచేయు కర్మాగారములకు మేలు కలిగినది. మనకు చేరువనున్న కృష్ణపట్నము రేవు వద్ద అట్టివి ఉన్నవి, వానిలో మనవారికి పనియు దొరకును. ఆ రక్షణ కర్మాగారమునకు అందినంత సూటిగా గింజ పండించువానికి అందలేదని చెప్పక తప్పదు.

మద్దతుధర లేదా అని అడుగవచ్చును. ఉన్నది. క్వింటాలు వేరుసెనగకు 2024-25లో 6,783 రూపాయలు, 2025-26లో 7,263 రూపాయలు. అయితే ధర ప్రకటించుట వేరు, ఆ ధరకు ఊరి దగ్గర కొనువాడుండుట వేరు. సేకరణ కేంద్రము కాయ ఎండక ముందో, రైతు అప్పు తీర్చుటకు కాయ అమ్మివేసిన పిదపనో తెరచిన, ఆ అంకె కాగితము మీదనే నిలుచును.

ఇంత దూరపు సంగతులలో గ్రామపంచాయతీ ఏమి చేయగలదని మేము వెళ్లినచోటనెల్ల సభ్యులు అడుగుదురు. సుంకమును మార్చలేదు, నిజమే. కాని సుంకమును నిర్ణయించువారు దేనిని చూచి నిర్ణయింతురో ఆలోచింపుడు. ఈ ఏడు దేశములో ఎంత పంట రాగలదో ముందు అంచనా వేయుదురు. దానినిబట్టి ఎంత తెప్పించవలెనో లెక్కింతురు. ఆ అంచనాకు పునాది ఊరిలోని విస్తీర్ణపు లెక్క. మన రాష్ట్రములో అది ఈ-పంట నమోదు. వేరుసెనగ వేసిన చేను మామిడితోటగా నమోదైన, కౌలురైతు పంట భూస్వామి పేర ఎక్కిన, లేక అసలే ఎక్కకున్న, అంచనా తప్పును. ఆ రైతుకు బీమా, సేకరణ రెండును తప్పిపోవును. నమోదు ముగిసిన తరువాత జాబితాను గ్రామసభలో బిగ్గరగా చదివించుడు. తన చేను లేదని ఎవరైన లేచి చెప్పుటకు ఒక అవకాశముండవలెను. రాజ్యాంగపు పదకొండవ షెడ్యూలులో పంచాయతీలకు సూచించిన 29 విషయములలో మొదటిది వ్యవసాయమే.

రెండవ పని పశుగ్రాసము. మన జిల్లాలలో పాడి లేని ఇల్లు అరుదు. సెనగ కట్టె ఎండకాలములో ఆవునకు ఆధారము. చెక్క పాలకు బలము. వేరుసెనగ విడిచిన ఊరు కట్టెను, చెక్కను పొరుగూరినుండి కొనుచున్నది. పంటలో లాభము లెక్కించునపుడు ఈ రెంటిని విడిచి లెక్కించుట పొరపాటు. గ్రామ ప్రణాళిక తయారుచేయునపుడు ఊరిలో ఎన్ని పశువులున్నవి, ఎంత మేత బయటినుండి వచ్చుచున్నది అను లెక్క ఒకసారి తీసిన, మెట్టలో ఎన్ని ఎకరములు సెనగకు ఉంచుట మేలో తేలును.

మూడవది బూజు. ఇది చిన్న మాటగా తోచును గాని పరదేశపు వర్తకము దీనిమీదనే నిలిచియున్నది. తడిసిన కాయపై పెరుగు ఒక బూజు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. నేరుగా తినెడి సెనగలో ఇది కిలోకు 4 మైక్రోగ్రాములు మించరాదని ఐరోపా సమాఖ్య నియమము. 2025 సెప్టెంబరులో ఇండొనీసియా ఈ విషము కారణముగా భారతదేశపు వేరుసెనగ దిగుమతిని నిలిపివేసినది. మనకు పామాయిలు అమ్ము దేశమే మన సెనగకు తలుపు మూసినది! చిత్తూరు, తిరుపతి జిల్లాలలో కాయ తీయుకాలమునకే ఈశాన్య ఋతుపవనము వచ్చును. పీకిన కట్టె చేనిలోనే తడిసిన కాయ మొలకెత్తును, లేదా బూజు పట్టును. ఊరికి ఎత్తైన చోట, నీరు నిలువని గచ్చు కళ్లమొకటి, కప్పుటకు నాలుగు టార్పాలిను పట్టలు ఉన్న ఈ నష్టము చాలవరకు తప్పును. తేమ తొమ్మిది శాతమునకు దిగువరకు కాయను ఎండనిచ్చి, నేలకు తగులకుండ బల్లలపై బస్తాలు పేర్చవలెను. కాయ నల్లబడినదియు, పురుగు కొట్టినదియు ముందే ఏరివేయవలెను. వానిని పశువులకు పెట్టిన ఆ విషము పాలలోనికి దిగును.