పండుగప్ప నర్సరీలో పరిమాణ భేదం: కనిపించని నష్టం, నివారణోపాయాలు

సారాంశం

పండుగప్ప పిల్లల పెంపకంలో వ్యాధుల వలన కలిగే నష్టం రైతు కంటపడుతుంది. స్వజాతి భక్షణ వలన కలిగే నష్టం మాత్రం లెక్కింపు నాటి వరకు బయటపడదు. వేర్వేరు పరిమాణాల పిల్లలను ఒకేచోట ఉంచడమే ఈ నష్టానికి ప్రధాన కారణం. పిల్లలను వదిలే రోజున ఒక్కసారి వేరు చేస్తే సరిపోదనీ, నర్సరీ దశ ముగిసే వరకు దానిని క్రమం తప్పక కొనసాగించాలనీ ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

గౌతమి, వసిష్ఠ పాయలు సముద్రంలో కలిసే ప్రాంతాలు, ఉప్పుటేరు పరిసరాలు, కోరంగి మడ అడవుల క్రీకులు పండుగప్పకు సహజ ఆవాసాలు. లేట్స్ కాల్కారిఫర్ అనే శాస్త్రీయ నామం గల ఈ చేప మంచినీటి నుండి సముద్రపు నీటి వరకు అన్ని లవణీయతలను తట్టుకుంటుంది. అందువలన వరదల కాలంలో తీపెక్కి, వేసవిలో ఉప్పెక్కే డెల్టా చెరువులకు ఇది అనువైనది. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జలకృషి పరిశోధన సంస్థ 1997లో ఈ చేపను నిర్బంధ స్థితిలో గుడ్లు పెట్టించి, పిల్లల ఉత్పత్తికి మార్గం వేసింది. అంతకు ముందు రైతులకు క్రీకులలో పట్టిన పిల్లలే ఆధారం. అలా సేకరించిన పిల్లలలో పరిమాణ భేదం మరింత ఎక్కువగా ఉంటుంది.

భేదం ఎలా పెరుగుతుంది

ఒకే తల్లి నుండి ఒకే రోజున పుట్టిన పిల్లలు కూడా సమానంగా ఎదగవు. కొన్ని పిల్లలు తొలి వారాలలోనే మిగిలినవాటిని దాటిపోతాయి. హేచరీ పరిభాషలో వీటిని షూటర్లు అంటారు. ఇవి మేతను ముందుగా అందుకుంటాయి, ఆపై తమకంటే చిన్నవాటిని మింగుతాయి. మింగిన ప్రతి పిల్ల వాటి ఎదుగుదలను మరింత పెంచుతుంది. ఎదిగిన కొద్దీ వాటి నోటికి పట్టే పిల్లల సంఖ్య పెరుగుతుంది. ఈ విధంగా భేదం భక్షణకు, భక్షణ భేదానికి దోహదం చేస్తాయి.

పండుగప్ప తన పొడవులో సుమారు 67 శాతం వరకు ఉన్న చేపను తినగలదు. దీని ప్రకారం 6 సెం.మీ. పిల్లకు 4 సెం.మీ. పిల్ల, 9 సెం.మీ. పిల్లకు 6 సెం.మీ. పిల్ల, 12 సెం.మీ. పిల్లకు 8 సెం.మీ. పిల్ల ఆహారం కాగలవు. సుమారు 15 సెం.మీ. లోపు దశలో ఈ ప్రవృత్తి తీవ్రంగా ఉండి, ఆ తరువాత దీని వలన నష్టం తగ్గుతుంది.

కంటికి కనిపించని నష్టం

మింగబడిన పిల్ల నీటిపై తేలదు, గట్టుకు కొట్టుకురాదు. హాపాలో చచ్చిన చేప కనిపించలేదు గనుక అంతా సవ్యంగా ఉన్నదని రైతు భావిస్తాడు. మేతను మాత్రం వదిలిన సంఖ్యను బట్టే వేస్తాడు. ఫలితంగా పిల్లల నష్టానికి మేత వృథా, నీటి కాలుష్యం తోడవుతాయి.

తప్పించుకున్న చిన్న పిల్లల స్థితి కూడా మెరుగ్గా ఉండదు. తోక, రెక్కలు కొరకబడిన చోట సూక్ష్మజీవులు ప్రవేశిస్తాయి. పెద్దవాటి భయంతో అవి మూలలకు చేరి, మేత వేసే చోటికి రావు. మేత పెంచినంత మాత్రాన ఈ సమస్య పూర్తిగా తీరదు. డెల్టా రైతులకు పరిచితమైన నీలకంఠ రొయ్య ఇందుకు చక్కని ఉదాహరణ. నీలి గోళ్ల పెద్ద మగ రొయ్యలు ఉన్న చెరువులో చిన్న మగ రొయ్యల ఎదుగుదల అణగి ఉంటుంది. పెద్దవాటిని పట్టివేసిన తరువాత చిన్నవి త్వరగా పెరుగుతాయి. ఇక్కడ లోటు మేతలో కాదు, సహవాసంలో ఉన్నది.

సగటు దాచే ప్రమాదం

క్షేత్ర పరిశీలనలో సాధారణంగా సగటు పొడవునే నమోదు చేస్తారు. ఒక హాపాలో పిల్లలన్నీ 7 నుండి 9 సెం.మీ. మధ్య ఉండవచ్చు. మరొక హాపాలో 5 నుండి 11 సెం.మీ. వరకు ఉండవచ్చు. రెండింటిలోనూ సగటు 8 సెం.మీ. కావచ్చు. మొదటి హాపాలో ఏ పిల్లా మరొకదానిని మింగలేదు. రెండవదానిలో 11 సెం.మీ. పిల్లకు 7 సెం.మీ. లోపు పిల్లలన్నీ ఆహారమే. కనుక సగటుతో పాటు అతి పెద్ద, అతి చిన్న పిల్లల పొడవులను తప్పక నమోదు చేయాలి. చిన్నదాని పొడవు పెద్దదానిలో మూడింట రెండు వంతులకు చేరువైతే గ్రేడింగ్‌ను వాయిదా వేయరాదు.

పాటించవలసిన పద్ధతులు

1. నర్సరీ దశలో ప్రతి 7 నుండి 10 రోజులకు ఒకసారి పిల్లలను పరిమాణాన్ని బట్టి వేరు చేయాలి. ఇందుకు కనీసం మూడు హాపాలను ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

2. గ్రేడింగ్‌కు ముందు కొన్ని గంటలు మేత ఆపాలి. చల్లని ఉదయ వేళలో, పిల్లలు నీటిలోనే ఉండేలా, గాలి అందిస్తూ పని ముగించాలి. మొరటుగా పట్టితే పొలుసులు రాలి, వ్యాధులకు దారి ఏర్పడుతుంది.

3. మేతను రోజుకు పలుమార్లు, హాపా అంతటా చల్లాలి. ఒకేచోట వేస్తే పెద్ద పిల్లలే దానిని ఆక్రమిస్తాయి.

4. తగ్గిన సంఖ్యను భర్తీ చేయడానికి పాత పిల్లల మధ్య కొత్త చిన్న పిల్లలను వదలరాదు. అవి పాతవాటికి మేతగా మారతాయి. వాటిని వేరే హాపాలో పెంచి, పరిమాణం సరిపోయిన తరువాతనే కలపాలి.

5. ప్రతి గ్రేడింగ్‌లో పిల్లలను లెక్కించి, ఆ సంఖ్య ప్రకారం మేతను సవరించాలి.

ముగింపు

గ్రేడింగ్ వలన కూలి ఖర్చు పెరుగుతుందనీ, పిల్లలు ఒత్తిడికి లోనవుతాయనీ రైతులు వెనుకాడటం సహజం. ఆ ఖర్చు కంటికి కనిపిస్తుంది, చేయకపోవడం వలన కలిగే నష్టం కనిపించదు. విస్తరణ శాస్త్రవేత్తలు రైతు సమక్షంలోనే పెద్ద, చిన్న పిల్లలను పక్కపక్కన ఉంచి కొలిచి చూపి, హాపాలోని మొత్తం పిల్లలను లెక్కింపజేయాలి. వదిలిన సంఖ్యకు, మిగిలిన సంఖ్యకు మధ్య గల తేడాను రైతు స్వయంగా చూసినప్పుడే ఈ పద్ధతి ఆచరణలో నిలుస్తుంది.