బడ్జెట్ గేమింగ్ పీసీ అసెంబుల్ చేయిస్తున్నారా? ప్రాసెసర్ కంటే ముందు ఈ ప్రశ్న తేల్చుకోండి

'ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, ఆర్‌జీబీ క్యాబినెట్'. తక్కువ బడ్జెట్‌లో గేమింగ్ పీసీ కావాలని అడిగితే చేతికొచ్చే కొటేషన్ చాలాసార్లు ఇలాగే ఉంటుంది. చదవడానికి అదిరిపోతుంది. కానీ ఆ ఐ7 2011లో వచ్చిన ఐ7-2600 కావొచ్చు, ఆ 4 జీబీ కార్డ్ 2014 నాటి జీటీ 730 కావొచ్చు. ఇంట్లో ఎలాగోలా ఒప్పించి తెచ్చుకున్న డబ్బులు మళ్లీ మళ్లీ రావు కదా. అందుకే కొటేషన్‌లో ఏ లైన్ దేనికో, డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ పాఠంలో చూద్దాం.

ఫ్రేమ్ ఎలా తయారవుతుంది?

గేమ్‌లో శత్రువు ఎటు కదలాలి, బుల్లెట్ ఎవరికి తగిలింది, స్క్రీన్ మీద ఏమేం గీయాలి అనే లెక్కలు ప్రాసెసర్ చూసుకుంటుంది. ఆ లెక్క ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డ్. ప్రాసెసర్ సెకనుకు 120 ఫ్రేమ్‌లకు లెక్క సిద్ధం చేసినా, కార్డ్ 70 మాత్రమే గీయగలిగితే మీకు కనిపించేది 70 మాత్రమే. ఇద్దరిలో ఎవరు నెమ్మదైతే వాళ్ల స్పీడే గేమ్ స్పీడ్.

వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి గేమ్స్ ప్రాసెసర్ మీద ఎక్కువ ఆధారపడతాయి. సైబర్‌పంక్ 2077 లాంటివి కార్డ్‌ను పిండేస్తాయి. కాబట్టి 'ఏ ప్రాసెసర్ బెస్ట్' అని విడిగా అడిగితే సరైన జవాబు రాదు. ప్రాసెసర్‌ను, కార్డ్‌ను జంటగా ఎంచుకోవాలి.

అసలు ప్రశ్న: కార్డ్ ఇప్పుడా, తర్వాతా?

దీనికి జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. ఏఎండీ రైజెన్ 5 5600, 5600జీ చూడండి. పేరులో తేడా ఒక్క అక్షరం. రెండింటిలోనూ 6 కోర్లు, 12 థ్రెడ్లు. రెండూ ఏఎం4 సాకెట్‌లోనే కూర్చుంటాయి. కానీ వాటి పని వేరు.

5600లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డ్ పెట్టకపోతే డిస్‌ప్లే రాదు. బదులుగా 32 ఎంబీ ఎల్3 క్యాష్, పీసీఐఈ 4.0 ఉంటాయి. 5600జీలో గ్రాఫిక్స్ లోపలే ఉంటుంది. కానీ క్యాష్ 16 ఎంబీకి, పీసీఐఈ 3.0కి తగ్గుతాయి.

ఇంటెల్‌లోనూ ఇదే కథ. ఐ5-12400ఎఫ్ చివర ఉన్న 'ఎఫ్' అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. 'ఎఫ్' లేని 12400లో యూహెచ్‌డీ 730 ఉంటుంది. దాంతో పెద్ద గేమ్స్ ఆడలేం. కానీ రేపు కార్డ్ పాడై వారంటీకి పంపినా, కాలేజీ పని ఆగదు.

కార్డ్ ఇప్పుడే కొంటుంటే 5600 లేదా 12400ఎఫ్ తీసుకోండి. రెండు మూడు నెలల్లో కార్డ్ డబ్బులు చేతికొస్తాయనుకుంటే, అప్పటిదాకా ఆగి అన్నీ ఒకేసారి కొనడం మంచిది. ఎప్పటికి కొంటామో అస్సలు తెలియకపోతేనే 5600జీ.

చిన్న కార్డ్ పెట్టే మెలిక

ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ చవకగా కనిపిస్తుంది. కానీ అది ప్రాసెసర్‌తో మాట్లాడటానికి 4 లేన్లే వాడుతుంది. పీసీఐఈ 4.0లో ఆ దారి సెకనుకు సుమారు 8 జీబీ, 3.0లో సుమారు 4 జీబీ. 4 జీబీ వీడియో మెమరీ నిండగానే గేమ్ తడబడుతుంది. అంటే 5600జీతో ఈ కార్డ్ జత కుదరదు. 5600 కొన్నా సరే, ఏ520 లేదా బీ450 బోర్డ్ పెడితే కార్డ్‌కు అందేది 3.0నే. బీ550 అయితే 4.0 వస్తుంది. 8 లేన్లు, 8 జీబీ మెమరీ ఉన్న ఆర్ఎక్స్ 6600 లాంటి కార్డ్‌కు ఈ ఇబ్బంది చాలా తక్కువ.

ఇంకో మాట. కార్డ్ మీద రాసిన జీబీలు స్పీడ్ కాదు. 4 జీబీ ఉన్నంత మాత్రాన జీటీ 730 గేమింగ్ కార్డ్ అయిపోదు.

ర్యామ్: ఒకటా, రెండా?

16 జీబీ కావాలంటే 8 జీబీ స్టిక్స్ రెండు వేయించండి. డీడీఆర్4-3200 ఒక్క స్టిక్ అయితే సెకనుకు 25.6 జీబీ, రెండు చానెళ్లలో రెండు స్టిక్స్ అయితే 51.2 జీబీ. 5600జీ గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ లేదు, ఈ ర్యామ్‌నే పంచుకుంటుంది. కాబట్టి ఒక్క స్టిక్ పెడితే దాని గొంతు నొక్కినట్టే. పోల్చి చూడాలంటే, ఆర్ఎక్స్ 6600 సొంత మెమరీ వేగం సెకనుకు 224 జీబీ. లోపలి గ్రాఫిక్స్ ఎందుకు ఆ స్థాయికి రాలేదో దీన్నిబట్టే అర్థమవుతుంది. పీసీ ఇంటికి తెచ్చాక బయోస్‌లో ఎక్స్ఎంపీ ఆన్ చేయడం మర్చిపోకండి. లేదంటే 3200 ర్యామ్ తక్కువ స్పీడ్‌లోనే నడుస్తుంది.

ఎస్ఎంపీఎస్‌లో పొదుపు వద్దు

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌తో గేమింగ్ పీసీ నడపకండి. అది పోతే ఒంటరిగా పోదు, మదర్‌బోర్డ్‌నో కార్డ్‌నో వెంట తీసుకుపోవచ్చు. ఆర్ఎక్స్ 6600 స్థాయి కార్డ్‌కు పేరున్న బ్రాండ్‌లో 550 వాట్స్ సరిపోతుంది. '80 ప్లస్ బ్రాంజ్' ముద్ర కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెబుతుందే తప్ప రక్షణకు గ్యారంటీ కాదు. వారంటీ ఎన్నేళ్లో, కార్డ్‌కు వెళ్లే 8 పిన్ కనెక్టర్ ఉందో లేదో కూడా అడగండి.

డబ్బు ఎలా పంచుకోవాలి?

మానిటర్ కాకుండా ఉన్న బడ్జెట్‌లో 35 నుంచి 40 శాతం కార్డ్‌కు, సుమారు 20 శాతం ప్రాసెసర్‌కు అనుకుని మొదలుపెట్టండి. మిగతాది బోర్డ్, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్‌లకు. క్యాబినెట్ లైట్లు అన్నింటికంటే చివర. లైట్లు ఒక్క ఫ్రేమ్ కూడా పెంచవు. ముందువైపు గాలి వెళ్లే జాలీ ఉంటే చాలు.

ఇక మొదట్లో చెప్పిన పాత ఐ7 సంగతి. ఐ7-2600లోనూ, 2022లో వచ్చిన ఐ3-12100లోనూ 4 కోర్లు, 8 థ్రెడ్లే. అయినా గేమ్‌లో ఈ ఐ3 ఆ ఐ7ను సులువుగా దాటేస్తుంది. పైగా పాత ఐ7కు విండోస్ 11 అధికారిక సపోర్ట్ లేదు. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ తప్పనిసరి.

సికింద్రాబాద్ సీటీసీలో కొన్నా, మీ ఊళ్లో కొన్నా డబ్బు కట్టే ముందు ఈ నాలుగూ అడగండి:

1. ప్రాసెసర్, కార్డ్ పూర్తి మోడల్ నంబర్ ఏంటి?
2. బోర్డ్ పాత స్టాక్ అయితే బయోస్ అప్‌డేట్ చేసి ఇస్తారా?
3. ర్యామ్ ఎన్ని స్టిక్స్?
4. ప్రతి పార్ట్ సీరియల్ నంబర్‌తో జీఎస్టీ బిల్లు ఇస్తారా?

పూర్తి మోడల్ నంబర్ రాసివ్వడానికి వెనకాడే షాపులో కొనకుండా వచ్చేయడమే మేలు. ఇంటికి తెచ్చాక మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డ్‌కు కాదు, గ్రాఫిక్స్ కార్డ్‌కే పెట్టండి. అన్నీ సరిగ్గా కొని, ఇక్కడ పొరపాటు చేసి 'గేమ్ లాగ్ అవుతోంది' అని బాధపడేవాళ్లు తక్కువేం లేరు!