వంకను చదివాకే ఎస్టిమేట్ వేయండి

మడకశిర, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా చేరినా, ఉపాధి హామీలో టెక్నికల్ అసిస్టెంట్‌గా ఉన్నా, కాంట్రాక్టర్ దగ్గర సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నా, ఏదో ఒక రోజు మీ చేతికి వంక పని వస్తుంది. చెక్‌డ్యామ్, చెరువు పూడికతీత, కాజ్‌వే, మరవ రిపేరు, ఏదైనా కావచ్చు. పైనుంచి టార్గెట్ ఉంటుంది. మార్చి 31 లోపు బిల్లు పెట్టాలి. టేపు పట్టుకుని పోయి వెడల్పు, లోతు రాసుకుని వచ్చేస్తాం. తర్వాత వచ్చే చిక్కులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. మనం కొలిచేది ఎండిన వంకను. మన పనికి పరీక్ష పెట్టేది పారే వంక. అది ఎక్కడ కోస్తుందో, ఎక్కడ మేట వేస్తుందో ఎండాకాలంలోనే కనిపెట్టడం నేర్చుకోండి.

మన నీళ్ల స్వభావం

పెన్న నంది కొండల్లో పుట్టి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు వస్తుంది. దేవరాయనదుర్గ కొండల్లో పుట్టిన జయమంగళి పరిగి మండలంలో పెన్నలో కలుస్తుంది. చిత్రావతి బాగేపల్లి, పుట్టపర్తి, ధర్మవరం మీదుగా పోయి గండికోట దగ్గర పెన్నను చేరుతుంది. ఈ దారిలో ఎక్కువ భాగం గ్రానైట్, నైస్ రాయి. అది శిథిలమైతే ముతక ఇసుక, గరుసు వస్తాయి. ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే, అదీ కొద్ది రోజుల్లోనే పడిపోతుంది. అందుకే మన వంకలు నెలల తరబడి ఎండి ఉండి, వచ్చినప్పుడు ఉధృతంగా వస్తాయి.

ఒక లెక్క గుర్తుంచుకోండి. నీటి వేగం రెండింతలైతే అది దొర్లించగల రాయి బరువు సుమారు 64 రెట్లు పెరుగుతుంది. చిన్న వానలకు రెండేళ్లు చెక్కుచెదరని ఆప్రాన్ ఒక్క రాత్రిలో లేచిపోవడానికి కారణం ఇదే. వేగం తగ్గిన చోట వంక తన బరువు దించుకుంటుంది. ముతకది ముందు దిగుతుంది, సన్నది చివర దిగుతుంది. మిగతా జాగ్రత్తలన్నీ ఈ రెండు విషయాల నుంచి వచ్చేవే.

సైట్ చూసేటప్పుడు

పని పెట్టే చోటే చూసి రాకండి. ఎగువకు, దిగువకు కనీసం అర కిలోమీటరు నడవండి. వంపు తిరిగే చోట బయటి గట్టు నిలువునా కోసుకుపోయి ఉంటుంది, లోపలి గట్టున ఇసుక మేట ఉంటుంది. తుమ్మచెట్ల కొమ్మలకు చిక్కుకున్న చెత్త వరద ఎంత ఎత్తున పారిందో చూపిస్తుంది. పక్క పొలం రైతును అడగండి: "పెద్దాయనా, పెద్దవాన వచ్చినప్పుడు నీళ్లు యాడిదాకా వచ్చినాయి?" ఆయన చూపించిన చోట లెవెల్ తీసుకోండి.

ఒక కేసు అనుకుందాం. 12 మీటర్ల వెడల్పు వంక. రోడ్డు దగ్గరగా ఉంది, మెటీరియల్ దించడం సులువని వంపులోనే చెక్‌డ్యామ్ పెట్టారు. పక్క గోడ గట్టు అంచు దాకా కట్టి ఆపేశారు. మొదటి పెద్ద వరదకు డ్యామ్‌కు ఏమీ కాలేదు. నీరు మాత్రం బయటి గట్టును కోసి పక్కనుంచి కొత్త దారి చేసుకుంది. రైతు పొలం పోయింది, డ్యామ్ నీళ్లు లేకుండా మిగిలింది. కాంక్రీటులో ఏ లోపమూ లేదు, లోపమంతా సైట్ ఎంపికలోనే.

వంక తిన్నగా పారే చోటు, రెండు పక్కలా గట్టి ఒడ్డు ఉన్న చోటు ఎంచుకోండి. పక్క గోడలు ఒడ్డు లోపలికి దిగాలి. పునాది ఇసుక మీద ఆగకుండా అడుగున గట్టి నేలను తాకాలి. దిగువన ఆప్రాన్ ఖర్చు తగ్గించమని ఎవరు చెప్పినా ఒప్పుకోవద్దు. ఎగువన ఇసుక దించేసి తేలికైన నీరు దిగువన పడి, అక్కడి మట్టిని తవ్వుకుపోతుంది.

చెక్‌డ్యామ్ ఇసుకతో నిండిందంటే పని పూర్తిగా వృథా అయిందని అనుకోనక్కర్లేదు. ముతక ఇసుక రేణువుల సందుల్లో నీరు నిలుస్తుంది, ఎండకు అంతగా ఆవిరి కాదు. పైన సన్నటి బంకమట్టి పొర కడితేనే ఇంకడం ఆగుతుంది. ముందు ఆ పొర తీయించండి.

పూడికతీతలో పొరపాట్లు

వంక వచ్చి చెరువులో కలిసే పైభాగంలో ఇసుక, గరుసు ఉంటాయి. కట్ట వైపు పోయేకొద్దీ సన్నటి ఒండ్రు ఉంటుంది. రైతులు అడిగేది ఈ ఒండ్రే. కాబట్టి ట్రాక్టర్లన్నీ కట్ట దగ్గరికే చేరతాయి. కట్ట పాదం పక్కన గుంత పడితే ఊట పెరుగుతుంది, కట్ట జారుతుంది. ఎస్టిమేట్‌లో చూపిన దూరానికి సున్నం గీత కొట్టించి, అది దాటనివ్వకండి.

పొలానికి మట్టి ఇచ్చే ముందు ఒక సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, బాగా కుదిపి పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగుకు చేరుతుంది. రెండు గంటల్లో దాని మీద ఒండ్రు పొర కనిపిస్తుంది. బంక దిగడానికి ఒక రోజు, ఒక్కోసారి అంతకు మించి పడుతుంది. ఎర్రనేల రైతుకు పై రెండు పొరలు ఎంత మందంగా ఉంటే అంత మేలు. చౌడు సంగతి సీసా చెప్పదు, దానికి భూసార పరీక్ష చేయించాల్సిందే.

లెక్క కూడా తెలిసి ఉండాలి. 10 హెక్టార్ల చెరువులో ఏడాదికి ఒక సెంటీమీటరు పూడిక చేరితే 1,000 క్యూబిక్ మీటర్లు, అంటే 10 లక్షల లీటర్ల నీటి చోటు పోయినట్టు. పెద్ద ఎత్తున చూడాలంటే తుంగభద్ర ఉంది. 1953 నాటికి సుమారు 133 టీఎంసీలున్న సామర్థ్యం 2016 సర్వేలో 105.788 టీఎంసీలుగా తేలింది. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీళ్ల కోసం చూసే మన జిల్లాల రైతుకు ఆ తేడా నేరుగా తగులుతుంది.

తవ్వకం మొదలుకాకముందే ప్రీ-లెవెల్స్ తీసుకోండి. "ముందు పని కానీయండి సార్, లెవెల్స్ తర్వాత చూద్దాం" అనే మాటకు తలొగ్గితే, ఒక్క వాన పడ్డాక ఎంత తవ్వారో తేల్చే దారి ఉండదు. రికవరీ మీ పేరు మీద పడుతుంది.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెప్పారు. కట్ట నుంచి నీరు ఊరడం, చౌడు నేల, చెరువు మధ్యలో మెరక, రెండు రాజ్యాల హద్దులో ఉండడం ఆ దోషాల్లోవే. చివరిది మనకు ఇప్పటికీ వర్తిస్తుంది. మన వైపు చాలా వంకలకు పైభాగం కర్ణాటకలో ఉంది. పాత రికార్డులో రాసిన నీటి రాబడిని అలాగే దించుకోకుండా, ఎగువన కొత్తగా ఏమేం కట్టారో శాటిలైట్ మ్యాప్‌లో చూసుకోండి.

ఇసుక దగ్గర ఒత్తిడి

ఏటిలో లోతుగా గుంత తీస్తే అది తీసిన చోటే ఉండిపోదు. నీరు పారినప్పుడు గుంత ఎగువ అంచు కోసుకుంటూ పైకి జరుగుతుంది, వంతెన పునాది బయటపడేదాకా పోగలదు. అందుకే వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనలు వంతెనలు, ఆనకట్టల నుంచి 500 మీటర్ల లోపు ఇసుక తవ్వకాన్ని నిషేధించాయి. దూరం కొలవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. ఒత్తిడి వస్తే రాతపూర్వకంగా పై అధికారికి పంపండి. రాత్రిపూట ఒంటరిగా వెళ్లి తవ్వేవాళ్లతో వాదన పెట్టుకోకండి.

పారుతున్న కాజ్‌వే

2021 నవంబర్ 19న చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో చిక్కుకున్న పదిమందిని వైమానిక దళం హెలికాప్టర్‌తో కాపాడాల్సి వచ్చింది. వాళ్లు జేసీబీ మీద ఉన్నారు. అంత బరువున్న యంత్రం కూడా అక్కడ ఒడ్డు చేర్చలేకపోయింది. బురద నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో పైనుంచి తెలియదు. ఇన్‌స్పెక్షన్ ఉన్నా, మెటీరియల్ ఆగిపోయినా నీరు తగ్గేదాకా ఆగండి. కూలీలను, డ్రైవర్లను దాటమని చెప్పే హక్కు మనకు లేదు.

ప్రతి వంక పనికీ ఫైల్లో నాలుగు కాగితాలు ఉంచుకోండి: ఎగువ, దిగువ ఫొటోలు, వరద గుర్తు లెవెల్, ప్రీ-లెవెల్స్, సైట్ మీద మీ అభ్యంతరం ఏదైనా ఉంటే తేదీతో సహా నోట్. పైవాళ్లు వేరే నిర్ణయం తీసుకోవచ్చు, అది వాళ్ల అధికారం. చూసింది చూసినట్టు రాసి పెట్టడం మన పని. మొదటి వరద వచ్చిపోయాక మళ్లీ అక్కడికి పోయి, ఎక్కడ కోసిందో ఎక్కడ మేట వేసిందో ఆ కాగితాల పక్కనే రాసుకోండి. తర్వాతి ఎస్టిమేట్‌కు అంతకంటే మంచి ఆధారం దొరకదు.