మలబారు వలస

పాఠ్యాంశ ఉద్దేశం

మనిషి పుట్టిన ఊరు విడిచి మరొక నేలను ఆశ్రయించడం కొత్త విషయం కాదు. అయితే ఆ నేల అతనికి ఏమి ఇచ్చింది, అతని నుండి ఏమి తీసుకొన్నది, అక్కడ ముందునుండి ఉన్నవారికి ఏమైంది అనే మూడు ప్రశ్నలకు సమాధానం వెదికినప్పుడే వలస స్వరూపం పూర్తిగా తెలుస్తుంది. ఇరవయ్యవ శతాబ్దంలో దక్షిణ కేరళ నుండి ఉత్తర కేరళకు సాగిన రైతుల వలసను ఉదాహరణగా తీసుకొని ఈ విషయాన్ని విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

నివాసయోగ్యమైన ఊరికి ఉండవలసిన లక్షణాలను చెబుతూ సుమతీ శతకకర్త అవసరానికి అప్పిచ్చేవాణ్ణి, వైద్యుణ్ణి, ఎడతెగక పారే ఏటిని ఒకే వరుసలో చేర్చాడు. నీరు ఒక్కటే ఉంటే చాలదు, ఆపదలో ఆదుకొనే మనుషులు కూడా ఉండాలని ఆయన భావం. ఈ మాటలోని లోతు తెలియాలంటే మలబారు కొండలకు తరలిపోయిన తిరువాన్కూరు రైతుల చరిత్ర చదవాలి. వారు చేరుకొన్న చోట ఏళ్ళకు కొదువ లేదు, వానకు అంతకన్నా కొదువ లేదు. భూమి చౌక. వైద్యుడు మాత్రం లేడు.

నేటి కేరళ రాష్ట్రం 1956 నవంబరు 1న ఏర్పడింది. అంతకుముందు దక్షిణాన తిరువాన్కూరు, మధ్యలో కొచ్చిన్ సంస్థానాలుగా ఉండేవి. ఉత్తరాన ఉన్న మలబారు మద్రాసు రాజధానిలో ఒక జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం అవతరించేవరకు కోస్తా జిల్లాలు, రాయలసీమ జిల్లాలు కూడా ఆ మద్రాసు పాలనలోనివే. కాబట్టి తిరువాన్కూరు రైతు మలబారుకు పోవడమంటే తన భాష మాట్లాడే నేలకే పోవడం, కాని తనది కాని ప్రభుత్వం కిందికి పోవడం. ఈ వలస 1920వ దశకంలో కొద్దికొద్దిగా మొదలై, 1940, 1950వ దశకాలలో ఉద్ధృతమై, 1970వ దశకం వరకు సాగింది.

పుట్టిన నేలను ఎవరూ ఊరక వదలరు. తిరువాన్కూరు జనాభా 1901లో ఇరవై తొమ్మిదిన్నర లక్షలు. 1931 నాటికి అది దాదాపు యాభై ఒక్క లక్షలైంది. మనుషులు పెరిగారు గాని నేల పెరగలేదు. 1865లో వెలువడిన రాజశాసనం ప్రభుత్వ భూములను సాగుచేసే కౌలుదార్లకు ఆ భూములపై యాజమాన్యపు హక్కును ప్రసాదించింది. భూమిని అమ్ముకొనే, కొనుక్కొనే స్వేచ్ఛ రావడంతో రైతు నిలదొక్కుకొన్నాడు. దానితోపాటే భూమి ధర కూడా పెరుగుతూ వచ్చింది. తాత కాలంలో విశాలంగా ఉన్న తోట మనుమల మధ్య పంపకాలయ్యేసరికి ఒక్కొక్కరికి చిన్న ముక్కగా మిగిలింది. 1929లో మొదలైన ఆర్థికమాంద్యం వల్ల కొబ్బరి, మిరియాల వంటి పంటల ధరలు పడిపోయాయి. ఆపైన రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. తిరువాన్కూరు ప్రజలు తినే బియ్యంలో పెద్దభాగం బర్మా నుండి ఓడలలో వచ్చేది. 1942లో జపాను సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ ఓడలు నిలిచిపోయాయి. ఆకలి ఇంటింటి గడప తొక్కింది.

ఆ సమయంలో మలబారు ఆశాజనకంగా కనిపించింది. అక్కడి కొండవాలులలో అధికభాగం జన్ములనే భూస్వాముల అధీనంలో ఉండేది. మనుషులు తిరగని అడవి వల్ల వారికి వచ్చే ఆదాయం స్వల్పం. అందువల్ల ఆ భూములను తక్కువ ధరకు అమ్మడానికో, కౌలుకివ్వడానికో వారు వెనుకాడలేదు. తిరువాన్కూరులో ఒక ఎకరం అమ్మిన సొమ్ముతో మలబారులో అనేక ఎకరాలు చేతికి వచ్చేవి. సొంత ఊరిలో జీవితమంతా కూలిపని చేసినా సెంటు భూమి కొనలేని యువకుడు అక్కడ ఒక కొండవాలుకే యజమాని కాగలిగేవాడు. మీనచ్చిల్, కాంజిరప్పళ్ళి, తొడుపుళ ప్రాంతాల నుండి బయలుదేరినవారిలో సిరియన్ క్రైస్తవ రైతులు అధికులు. కొత్తగా పెళ్ళయిన దంపతులు, పసిబిడ్డల తల్లిదండ్రులు, పంపకాలలో తమ వాటాకు వచ్చినదానితో బతకలేమని తెలుసుకొన్న తమ్ముళ్ళు వారిలో ఉన్నారు.

వానను గురించి కూడా కొంత తెలుసుకోవాలి. అనంతపురంలో ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. తిరువనంతపురంలో అది దాదాపు 1800. కోజికోడ్‌లో 3000 దాటుతుంది. కేరళ తీరంలో దక్షిణం నుండి ఉత్తరానికి పోయినకొద్దీ నైరుతి ఋతుపవనాల బలం పెరుగుతుందన్నమాట. వలస వెళ్ళినవారు వాన ఎరుగనివారు కారు. మీనచ్చిల్ లోయలో కూడా వాన దండిగానే కురుస్తుంది. అయినప్పటికీ వయనాడు పడమటి అంచున లక్కిడి వంటి చోట్ల కురిసే వానకు వారు సైతం విస్తుపోయారు. కేరళలో అత్యధిక వర్షపాతం గల ప్రదేశాలలో లక్కిడి ఒకటి. ఆకులు కప్పిన పాకలో తడి కట్టెలతో పొయ్యి రగిలించవలసిన ఇల్లాలికి ఆ వాన ఏమిటో లెక్కలు చెప్పలేవు.

అప్పటికి కొట్టాయం మీదుగా రైలుమార్గం లేదు. పడవలో ఎర్నాకుళం చేరి, అక్కడినుండి రైలులో కోజికోడ్, తలశ్శేరి, కణ్ణూరు వంటి చోట్లకు వెళ్ళి, ఆపైన సామాను నెత్తిన పెట్టుకొని కొండదారిన నడిచేవారు. మొదట అడవిని నరికి, ఎండిన తరువాత తగులబెట్టి, ఆ బూడిదలో కర్రపెండలం నాటేవారు. మిరియపు తీగ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆకలి అన్నేళ్ళు ఆగదు. కర్రపెండలం నెలలలోనే దుంప ఊరుతుంది కాబట్టి అదే వారి ప్రాణాధారమైంది. నిమ్మగడ్డి నుండి తీసిన తైలాన్ని అమ్మి చేతిఖర్చులు గడుపుకొనేవారు. రాత్రి ఏనుగులు, అడవిపందులు పంటమీద పడేవి. పగలు పలుగూ పారా పట్టిన చేతులే రాత్రి మంచెమీద డప్పు కొట్టేవి.

కంటికి కనిపించే మృగాలకన్నా కనిపించని శత్రువు బలమైనది. అది మలేరియా. క్వినైన్ మాత్ర కోసం మైళ్ళకొద్దీ నడవవలసిన చోట చలిజ్వరం కుటుంబాలకు కుటుంబాలనే కబళించింది. భార్యను పోగొట్టుకొన్నవాడు, బిడ్డలను పూడ్చిపెట్టినవాడు, ఉన్నదంతా అయినకాడికి అమ్ముకొని తిరుగుదారి పట్టినవాడు ఎందరో. దూరపు కొండలు నునుపు అన్న సామెత వారి విషయంలో అక్షరాలా నిజమైంది. ఈ విషాదాన్ని కోజికోడ్‌కు చెందిన సుప్రసిద్ధ రచయిత ఎస్.కె. పొట్టెక్కాట్ 1948లో ‘విషకన్యక’ అనే నవలగా రచించాడు. ముద్రారాక్షస నాటకం చదివినవారికి విషకన్య ఎవరో తెలుసు. ఆమె అందానికి ఆకర్షితుడై దగ్గరైనవాడు మరణిస్తాడు. పచ్చగా మెరిసి, రమ్మని పిలిచి, వచ్చినవాని ప్రాణం తీసే మలబారు మట్టికే పొట్టెక్కాట్ ఆ పేరు పెట్టాడు. పొట్టెక్కాట్ తరువాతి కాలంలో, 1980వ సంవత్సరానికి, జ్ఞానపీఠ పురస్కారాన్ని అందుకొన్నాడు.

అయితే కథ విషాదంతోనే ముగియలేదు. యుద్ధానంతరం డి.డి.టి. చల్లడం మొదలైంది. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. జ్వరం క్రమంగా వెనుకకు తగ్గింది. ఒకరి అడవి నరకడానికి పదిమంది చేయి వేయడం, ఒకరి ఇంట జ్వరమైతే పొరుగువారు గంజి కాచి పంపడం అక్కడి జీవనధర్మమైంది. చర్చి కట్టినచోటనే బడి వెలసింది. బడికి పోవడానికి దారి కావలసివచ్చింది. 1953 చివర తలశ్శేరి కేంద్రంగా వలస రైతుల కోసం ప్రత్యేక మేత్రాసనం ఏర్పడింది. కర్రపెండలం పండిన వాలులలో మిరియాలు, రబ్బరు తోటలు పెరిగాయి. తిరువంబాడి, ఆలక్కోడు, పుల్‌పళ్ళి వంటి చోట్ల ఊళ్ళు నిలిచాయి. శతకకారుడు చెప్పిన వైద్యుడు, అప్పిచ్చేవాడు కూడా చివరకు అక్కడికి చేరారు. అయితే వారు రావడానికి ఒక తరం పట్టింది.

ఇంతవరకు చెప్పినది వలస వెళ్ళినవారి దృష్టి. వారు ‘ఎవరూ లేని అడవి’ అని భావించిన చోట నిజానికి మనుషులున్నారు. పణియ, కురిచ్య, కురుమ, కాట్టునాయక మొదలైన గిరిజన తెగలకు వయనాడు అనాది నివాసం. ఆ నేలపై వారికి అనుభవం ఉన్నది గాని పత్రం లేదు. పత్రం లేని హక్కును జన్ములు గుర్తించలేదు, కొనుగోలుదారులు అడగలేదు. అడవి తగ్గినకొద్దీ వారికి దుంపలు, తేనె, వేట కరవయ్యాయి. తమ నేలలోనే వారు కూలీలయ్యారు. తిరువాన్కూరు రైతు పేదవాడే, కష్టజీవే, సందేహం లేదు. కాని ఒక పేదవాని ఆశ మరొక పేదవాని గూడును కూల్చగలదన్నది ఈ చరిత్ర బోధించే కఠిన సత్యం. అన్యాక్రాంతమైన గిరిజన భూములను తిరిగి ఇప్పించడానికి కేరళ శాసనసభ 1975లో ఒక చట్టం చేసింది. దాని అమలు ఏళ్ళతరబడి వాయిదా పడుతూ వచ్చింది. 2003 ఫిబ్రవరిలో వయనాడులోని ముత్తంగ అడవిలో భూమి కోసం గిరిజనులు జరిపిన ఆందోళన పోలీసు కాల్పులకు దారితీసింది.

తెలుగునాట కూడా ఇటువంటి చరిత్ర కలదు. డెల్టా రైతులు తమ ఎకరం అమ్మి, నిజాంసాగర్ కాలువల కింద బోధన్ ప్రాంతంలో, తుంగభద్ర కాలువల కింద కర్ణాటకలోని రాయచూరు, సింధనూరు ప్రాంతాలలో అంతకన్నా ఎక్కువ ఎకరాలు కొన్నారు. అక్కడ వారిని పిలిచినది వాన కాదు, కాలువ నీరు. వారు కట్టుకొన్న ‘క్యాంపులు’ నేటికీ తెలుగు మాట్లాడుతూనే ఉన్నాయి. మైదాన ప్రాంతాలవారు గోదావరి ఏజెన్సీకి వెళ్ళినప్పుడు మాత్రం వయనాడు సమస్యే అక్కడ ఎదురైంది. గిరిజనుల భూమి చేతులు మారకుండా 1959లో చేసిన నిబంధనను 1970లో కట్టుదిట్టం చేశారు. ప్రజల నోట ‘ఒన్ ఆఫ్ సెవెంటీ’గా పిలువబడే చట్టం అదే.

వాన కూడా తన లెక్క తాను చెప్పింది. చెట్టు వేళ్ళు పట్టి ఉంచిన కొండమట్టి, అడవి తరిగినచోట వదులవుతుంది. పశ్చిమ కనుమలలోని సున్నితమైన ప్రాంతాలలో కట్టడాలకు, గనులకు హద్దులుండాలని మాధవ్ గాడ్గిల్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం 2011లో సూచించింది. కష్టపడి సంపాదించిన నేల చేజారుతుందేమోనన్న భయంతో అనేకమంది వలస రైతుల వారసులు ఆ నివేదికను వ్యతిరేకించారు. 2024 జూలై 30 తెల్లవారుజామున వయనాడులోని ముండక్కై, చూరల్‌మల ప్రాంతాలలో కొండచరియలు విరిగిపడి రెండువందల యాభై మందికి పైగా మరణించారు. మృతులలో తేయాకు తోటల కార్మికులు, వారి కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. అతివృష్టి, నేల వాలు, భూవినియోగం మొదలైన కారణాలెన్నో ఇటువంటి విపత్తులలో కలగలిసి ఉంటాయి. ఏ ఒక్కరినో దోషులుగా నిలబెట్టడం న్యాయం కాదు. అయినా కొండ భరించగల బరువుకు హద్దున్నదన్న సంగతి మరువరానిది.

మలబారుకు వెళ్ళిన రైతుల మనుమలు, మనుమరాండ్రు నేడు చదువుకొని గల్ఫ్ దేశాలకు, ఐర్లండుకు, బ్రిటన్‌కు వెళుతున్నారు. ఇంటర్మీడియట్ పూర్తిచేసిన తెలుగు విద్యార్థులలో కూడా ఎందరో రేపు ఊరు విడిచిపోతారు. అద్దె తక్కువ, వాతావరణం చల్లన అని విన్న పట్టణం వారిని ఆకర్షిస్తుంది. వెళ్ళడం తప్పు కాదు. మలబారు రైతులు వెళ్ళకపోతే వారి బిడ్డలకు బడి ఉండేది కాదేమో! కాని ఏ చోటైనా చౌకగా దొరుకుతున్నదంటే అందుకొక కారణం ఉంటుంది. ఆ కారణం జ్వరం కావచ్చు, దారి లేకపోవడం కావచ్చు, నోరు లేని మరొకరి హక్కు కావచ్చు. ధర ఎంత అని అడిగేవాడు వ్యాపారి. ఎందుకు ఇంత తక్కువ అని కూడా అడిగేవాడు వివేకి. ఆ రెండవ ప్రశ్న వేసి, సమాధానం విని, అప్పుడు మూట కట్టుకొన్నవాడు కొత్త నేలకు బరువు కాడు, బంధువవుతాడు.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. తిరువాన్కూరు రైతులు మలబారుకు వలస వెళ్ళడానికి గల కారణాలను వివరించండి.
2. ‘ఒక పేదవాని ఆశ మరొక పేదవాని గూడును కూల్చగలదు’ – పాఠ్యభాగం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. కర్రపెండలం వలస రైతులకు ప్రాణాధారం ఎట్లా అయింది?
2. ‘విషకన్యక’ అనే పేరులోని ఔచిత్యాన్ని తెలపండి.
3. తెలుగు ప్రాంతాలలో జరిగిన వలసలను గురించి రాయండి.

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. ఆకలి అన్నేళ్ళు ఆగదు.
2. ఆ నేలపై వారికి అనుభవం ఉన్నది గాని పత్రం లేదు.

ఈ) విడదీసి సంధి పేరు తెలపండి
ప్రాణాధారం, అత్యధిక, యుద్ధానంతరం

ఉ) విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి
భూస్వామి, కాలువ నీరు, కొండదారి

ఊ) ప్రాజెక్టు పని
మీ ఊరికి ఇతర ప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన ఒక కుటుంబంతో మాట్లాడి, వారు వచ్చిన కారణాలను, మొదటి ఏడాది అనుభవాలను ఒక పుటలో రాయండి.