రేసింగ్ ఎగ్జిబిషన్లలో కొలువు: ముందు పని నేర్చుకోండి, తర్వాత మాట

హైదరాబాద్ మలక్‌పేటలో రేసులంటే ముందుగా గుర్తొచ్చేది గుర్రాలే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ హయాంలో, 1886లో మౌలాలి నుంచి తరలివచ్చిన రేస్‌కోర్సు ఇప్పటికీ ఈ పేటకు గుర్తింపు. జనం కళ్లన్నీ గుర్రం మీదా, జాకీ మీదా ఉంటాయి. ఆ మైదానాన్ని నమ్ముకుని బతికేవాళ్లలో ఎక్కువమంది మాత్రం శిక్షకులు, లాయం పనివాళ్లు, నాడాలు కొట్టేవాళ్లు, పశువైద్యులు. మోటార్ రేసింగ్‌లోనూ అంతే. స్టీరింగ్ పట్టేది ఒక్కరు. ఆ కారుకు బ్రేకులు, టైర్లు, సీటు బెల్టులు, సెన్సర్లు, హెల్మెట్లు, మంటకు అంటుకోని దుస్తులు తయారుచేసి అమ్మేది ఒక పరిశ్రమ.

కార్లంటే ప్రాణమిచ్చే ఇంటర్, డిప్లొమా, బీటెక్ విద్యార్థులు ఎందరో ఉన్నారు. డ్రైవర్ కాలేకపోతే ఇక రేసింగ్‌లో తమకు చోటు లేదని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఆ పరిశ్రమలోకి వెళ్లే దారుల్లో మనవాళ్లు పెద్దగా పట్టించుకోనిది ట్రేడ్ షో. కంపెనీలు స్టాల్ తీసుకుని తమ సరుకును కొనుగోలుదారులకు చూపించే చోటు అది. స్టాల్ పెట్టిన కంపెనీని ఎగ్జిబిటర్ అంటారు. ఆ స్టాల్ వెనక కనీసం నాలుగైదు రకాల ఉద్యోగాలు ఉంటాయి.

హైదరాబాద్ చూసిన పాఠం

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సుమారు 2.8 కిలోమీటర్ల స్ట్రీట్ సర్క్యూట్‌పై విద్యుత్ కార్ల ఫార్ములా-ఈ పోటీ జరిగింది. ఫ్రెంచ్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నెక్లెస్ రోడ్డు వైపు జనం పోటెత్తారు. అదే వారంలో, 8 నుంచి 10 వరకు, హైటెక్స్ ఎగ్జిబిషన్ సెంటర్‌లో ఈ-మోటార్ షో జరిగింది. అక్కడికి వచ్చినవాళ్లలో బ్యాటరీ, మోటారు, ఛార్జర్ కంపెనీల మనుషులు, డీలర్లు, ఇంజినీర్లు ఉన్నారు. ఉద్యోగం వెతుక్కునేవాళ్లకు రేసు టికెట్టు కంటే ఆ హాలు ఎక్కువ విలువైనది.

మరుసటి ఏడాది ఫిబ్రవరిలో జరగాల్సిన పోటీ, నెల రోజుల ముందు రద్దయింది. ఇందులో ఒక పాఠం ఉంది. ఒక్క పోటీనో ఒక్క సీజన్‌నో నమ్ముకుని కెరీర్ కట్టుకోవద్దు. పోటీలు వస్తాయి, పోతాయి. బ్రేకు, బ్యాటరీ, సెన్సర్ గురించి మీకున్న పరిజ్ఞానం మాత్రం మీతోనే ఉంటుంది. రేసింగ్ మందగిస్తే అదే పరిజ్ఞానంతో విద్యుత్ వాహనాల కంపెనీలోకో, మామూలు ఆటో విడిభాగాల కంపెనీలోకో వెళ్లొచ్చు.

ప్రపంచంలో పెద్ద షోలు

అమెరికాలో పెర్ఫార్మెన్స్ రేసింగ్ ఇండస్ట్రీ షో, అందరూ పిలిచే పేరు పీఆర్ఐ, 1988లో లూయీవిల్‌లో మొదలైంది. ఇప్పుడు ఏటా డిసెంబరులో ఇండియానాపొలిస్‌లో జరుగుతుంది. ఇది వ్యాపారుల షో. సరదాగా చూడ్డానికి వచ్చేవాళ్లకు ప్రవేశం ఉండదు. 1967లో మొదలైన సెమా షో నవంబరులో లాస్ వెగాస్‌లో జరుగుతుంది. రేసింగ్ సాంకేతికతకే పరిమితమైన ప్రొఫెషనల్ మోటార్‌స్పోర్ట్ వరల్డ్ ఎక్స్‌పోకు జర్మనీలోని కొలోన్ వేదిక. బర్మింగ్‌హామ్‌లో జనవరిలో జరుగుతూ వచ్చిన ఆటోస్పోర్ట్ ఇంటర్నేషనల్‌లో మొదటి రెండు రోజులు వ్యాపారులకు, వారాంతం ప్రజలకు కేటాయించేవారు.

ఇవన్నీ నవంబరు నుంచి జనవరి లోపే ఎందుకు? ఆ దేశాల్లో అది పోటీలు ఆగే కాలం. వచ్చే సీజన్‌కు కారు సిద్ధం చేసుకునే జట్లు అప్పుడే సరుకు ఎంచుకుంటాయి. అంటే ఎగ్జిబిటర్‌కు ఏడాది మొత్తం వ్యాపారం ఆ కొద్ది రోజుల మీద ఆధారపడి ఉంటుంది.

మన దేశంలో కేవలం రేసింగ్ కోసమే జరిగే ఆ స్థాయి ట్రేడ్ షో లేదు. ఢిల్లీలో భారత్ మొబిలిటీ ఎక్స్‌పో, అందులో భాగమైన విడిభాగాల ప్రదర్శన, ఆటోమెకానికా న్యూఢిల్లీ ఉన్నాయి. రేసింగ్ సామగ్రి అమ్మే భారతీయ కంపెనీలు చాలావరకు వీటిలోనే కనిపిస్తాయి. పోటీల సంస్కృతి బలంగా ఉన్నది కోయంబత్తూరు, చెన్నై ప్రాంతాల్లో. మొదటి ఉద్యోగానికి అక్కడికి వెళ్లడానికి సిద్ధపడండి.

స్టాల్ వెనక ఎవరెవరు?

ఎగ్జిబిషన్ కోఆర్డినేటర్: షోకు ఆరు నెలల ముందే ఈయన పని మొదలవుతుంది. చిన్న కంపెనీలు సాధారణంగా తొమ్మిది చదరపు మీటర్ల రెడీమేడ్ స్టాల్ తీసుకుంటాయి. పెద్దవాళ్లు ఖాళీ జాగా తీసుకుని సొంతంగా కట్టించుకుంటారు. నిర్వాహకులు పంపే ఎగ్జిబిటర్ మాన్యువల్‌ను ఈయన కంఠతా పట్టాలి. కరెంటు ఎన్ని కిలోవాట్లు కావాలి, నేమ్‌బోర్డు మీద అక్షరాలు ఎలా ఉండాలి, బ్యాడ్జీలు ఎవరికి అనే ప్రతిదానికీ గడువు ఉంటుంది. గడువు దాటితే ధర పెరుగుతుంది.

డిజైనర్, ఫ్యాబ్రికేటర్: ప్లైవుడ్, అల్యూమినియం ఫ్రేములు, లైట్లతో రెండు రోజుల్లో స్టాల్ నిలబెట్టి, షో ముగిసిన రాత్రే విప్పేసేవాళ్లు. ఇంటీరియర్ డిజైన్, వడ్రంగం, ఎలక్ట్రికల్ నేర్చినవారికి ఇది మంచి దారి.

లాజిస్టిక్స్ ఎగ్జిక్యూటివ్: శాంపిళ్లను విదేశానికి తీసుకెళ్లి తిరిగి తెచ్చే బాధ్యత ఈయనది. దీనికి ఏటీఏ కార్నెట్ అనే పత్రం ఉంది. మన దేశంలో దాన్ని జారీ చేసేది వాణిజ్య సంఘాల సమాఖ్య ఫిక్కీ. దీనితో ప్రదర్శన సరుకును సుంకం కట్టకుండా తాత్కాలికంగా తీసుకెళ్లొచ్చు. గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. షరతు ఏమిటంటే, తీసుకెళ్లిన వస్తువు తిరిగి రావాలి. ఎవరో అడిగారని స్టాల్‌లోనే అమ్మేస్తే చిక్కుల్లో పడతారు. లిథియం బ్యాటరీలకు విమానయాన నిబంధనలు వేరుగా ఉంటాయి. వాటిని చదివి అర్థం చేసుకున్న కుర్రాడికి కంపెనీలో గౌరవం దక్కుతుంది.

సేల్స్ ఇంజినీర్, లేదా అప్లికేషన్ ఇంజినీర్: స్టాల్‌లో నిలబడి మాట్లాడేది ఈయనే. అందరిలోకీ కీలకమైన ఉద్యోగం ఇదే.

ఒక్క ప్రశ్న, ఒక్క అవకాశం

బ్రేక్ ఫ్లూయిడ్ అమ్మే స్టాల్‌లో మీరు ఉన్నారనుకోండి. ఒక జట్టు మెకానిక్ వచ్చి సీసా చేతిలోకి తీసుకుని అడుగుతాడు: “డ్రై ఎంత? వెట్ ఎంత?” అతను అడుగుతున్నది మరిగే ఉష్ణోగ్రత. బ్రేక్ ఫ్లూయిడ్ల డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఫ్లూయిడ్ (డ్రై) కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. గాలిలోని తేమను పీల్చుకున్నాక (వెట్) కనీసం 155 డిగ్రీలు తట్టుకోవాలి. రేసింగ్ ఫ్లూయిడ్లలో డ్రై పాయింట్ 300 దాటినవి ఉన్నాయి. ఫ్లూయిడ్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరతాయి, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ నేల దాకా దిగిపోతుంది, కారు ఆగదు. ఆ మెకానిక్ తన డ్రైవర్ ప్రాణం గురించి అడుగుతున్నాడు.

ఇక్కడ “మా ప్రాడక్ట్ చాలా బాగుంటుంది సార్” అనేవాళ్ల దగ్గర అతను ఒక్క నిమిషం కూడా ఆగడు. రెండు అంకెలూ చెప్పి, “మీరు ఎన్ని రేసులకోసారి ఫ్లూయిడ్ మారుస్తారు?” అని తిరిగి అడిగినవాళ్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. అంకె తెలియకపోతే తెలియదని చెప్పి, కార్డు వెనక ప్రశ్న రాసుకుని, సాయంత్రానికల్లా జవాబు పంపడం మంచి పద్ధతి. భద్రతకు సంబంధించిన వస్తువు గురించి ఊహించి చెప్పడం మాత్రం నేరంతో సమానం.

ఇంగ్లిషు ధాటిగా రాదని మన పిల్లలు భయపడతారు. ఈ రంగంలో ఎదుటివాడూ మెకానిక్కే. వస్తువును విప్పి చూపించగలిగితే చిన్న చిన్న మాటలే చాలు. ఇంగ్లిషు ఆరు నెలల్లో పదును పెట్టుకోవచ్చు. చేతిపని లోటును ఎంత ఇంగ్లిషూ కప్పిపుచ్చలేదు.

షో అయ్యాకే అసలు పని

మూడు రోజుల షోలో కార్డుల కట్టలు పోగవుతాయి. వాటిని ఆ రాత్రే మూడుగా విడదీయాలి: ఈ సీజన్‌కే కొనేవాళ్లు, శాంపిల్ అడిగినవాళ్లు, ఊరికే పలకరించినవాళ్లు. మొదటి రకానికి వారంలోపు ధరల పత్రం వెళ్లాలి. జ్ఞాపకం చల్లారాక పంపితే వాళ్లు పక్క స్టాల్‌ వాళ్లకు ఆర్డర్ ఇచ్చేసి ఉంటారు. స్టాల్‌కు పెట్టిన ఖర్చు తిరిగి వచ్చేది ఈ దశలోనే. పద్ధతిగా ఫాలోఅప్ చేసే అమ్మాయినీ అబ్బాయినీ కంపెనీలు వదులుకోవు.

మలక్‌పేట నుంచి ఎలా మొదలుపెట్టాలి?

నుమాయిష్‌తో: 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో సుమారు వంద స్టాళ్లతో మొదలైన నుమాయిష్, ఇప్పుడు ఏటా సాధారణంగా జనవరి 1 నుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో జరుగుతుంది. మలక్‌పేట నుంచి నాంపల్లికి మెట్రోలో ఒకే రైలు. ఒక్క సీజన్ ఏదైనా స్టాల్‌లో సేల్స్‌కు చేరండి. రోజంతా నిలబడటం, వందో మనిషికీ మొదటి మనిషికి చెప్పినంత ఓపికగా చెప్పడం, రాత్రి లెక్క చూసుకోవడం అక్కడ వంటబడతాయి. వేరే శిక్షణ అక్కర్లేదు.

హైటెక్స్‌తో: అమీర్‌పేటలో రైలు మారితే హైటెక్ సిటీ, అక్కడికి దగ్గర్లోనే హైటెక్స్. ఇంజినీరింగ్, ఆటో ప్రదర్శనలు వచ్చినప్పుడు విజిటర్‌గా ముందే నమోదు చేసుకుని వెళ్లండి. చివరి రోజు మధ్యాహ్నం స్టాళ్లవాళ్లకు కాస్త తీరిక దొరుకుతుంది. రద్దీ వేళ రెజ్యూమె పట్టుకుని వెళ్లి వాళ్ల వ్యాపారానికి అడ్డు పడొద్దు.

పుత్లీబౌలితో: చాదర్‌ఘాట్ దాటితే టూవీలర్ విడిభాగాల దుకాణాలు. నాసిరకం బ్రేక్ ప్యాడ్‌కూ అసలు ప్యాడ్‌కూ తేడా ఏమిటో అక్కడి పాత దుకాణదారులు వేలితో తడిమి చెబుతారు. సెలవుల్లో వాళ్ల దగ్గర పని నేర్చుకోవడం నామోషీ కాదు.

చదువు: బాలానగర్‌లోని టూల్ డిజైన్ శిక్షణ సంస్థ సీఐటీడీలో టూల్, డై, మౌల్డ్ డిప్లొమా ఉంది. ఐటీఐలో మెషినిస్ట్, ఫిట్టర్ ట్రేడులు, పాలిటెక్నిక్‌లో మెకానికల్ లేదా ఆటోమొబైల్, కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆటోమొబైల్ కోర్సు ఉన్నాయి. బీటెక్ విద్యార్థులైతే, విద్యార్థులే వాహనం తయారుచేసి పోటీపడే బాజా, సుప్రా, ఫార్ములా భారత్ పోటీ జట్లలో తప్పక చేరండి. ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీల్లో 1000 పాయింట్లకు గాను 75 బిజినెస్ ప్రెజెంటేషన్‌కు, 100 ఖర్చు లెక్కలకు, 150 డిజైన్ వివరణకు ఉంటాయి. జడ్జీల ముందు మీ కారును సమర్థించుకోవడమే రేపు స్టాల్‌లో చేయబోయే పని.

సొంత యూనిట్ పెట్టాలనుకుంటే, చిన్న పరిశ్రమగా గుర్తింపునిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించండి. చిన్న పరిశ్రమలు ప్రదర్శనల్లో పాల్గొనడానికి కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ పథకాల కింద స్టాల్ అద్దెలో కొంత తిరిగి వస్తుంది. ఇంజినీరింగ్ ఎగుమతిదారుల కోసం ఎగుమతి ప్రోత్సాహక మండలి ఈఈపీసీ విదేశీ ప్రదర్శనల్లో భారత పెవిలియన్లు ఏర్పాటు చేస్తుంది.

కష్టాలు ముందే తెలుసుకోండి

రోజుకు తొమ్మిది, పది గంటలు సిమెంటు నేల మీద నిలబడాలి. మంచి బూట్ల మీద డబ్బు పెట్టండి. షోలు నవంబరు, డిసెంబరు, జనవరిల్లో వస్తాయి కనుక దీపావళికో సంక్రాంతికో ఇంట్లో ఉండలేని ఏడాది తప్పదు. మన దేశంలో రేసింగ్ మార్కెట్ చిన్నది, ఆ ఒక్కదాని మీదే నడిచే కంపెనీలు తక్కువ. మొదట్లో జీతం కూడా సాఫ్ట్‌వేర్ కొలువుతో పోల్చేలా ఉండకపోవచ్చు. అయినా ఈ పని చేసే మనిషికి ఉత్పత్తి, అమ్మకం, ఎగుమతి మూడూ కొన్నేళ్లలో తెలిసిపోతాయి. ఆ మూడూ తెలిసినవాళ్లు ఏ పరిశ్రమలోనూ ఖాళీగా కూర్చోరు.

ఈ వేసవిలో ఒకే విడిభాగాన్ని ఎంచుకోండి. బ్రేక్ ప్యాడ్ కావచ్చు, చైన్ స్ప్రాకెట్ కావచ్చు, బ్యాటరీ సెల్ కావచ్చు. దేనితో చేస్తారు, ఎంత వేడికి పాడవుతుంది, ఏ ప్రమాణం కింద పరీక్షిస్తారు, ధరలో తేడా ఎందుకు వస్తుంది అనే నాలుగు ప్రశ్నలకూ నోట్సు రాసుకోండి. దాన్ని రెండు నిమిషాల్లో తెలుగులోనూ ఇంగ్లిషులోనూ చెప్పడం సాధన చేయండి. ఆ తర్వాత ఏ ఎగ్జిబిషన్ హాలుకైనా ధైర్యంగా వెళ్లండి. ఆ వస్తువు అమ్మే స్టాల్ ముందు ఆగి ఒక మంచి ప్రశ్న అడగండి. సంభాషణ అక్కడ మొదలవుతుంది, ఉద్యోగాలు కూడా చాలాసార్లు అక్కడే మొదలవుతాయి.