ఛాయాచిత్రమున కర్ణరేఖ

దీర్ఘచతురస్రమునకు ఒక మూలనుండి ఎదుటిమూలకు గీచు గీతను కర్ణమందురని క్షేత్రగణితము చదివిన విద్యార్థులెల్ల రెఱుగుదురు. ఫొటోయును దీర్ఘచతురస్రమే గదా! అందు అడ్డుగీత నిలుకడను తోపింపజేయును. కర్ణమువలె వాలిన గీత చూపును నిలువనీయక వెంటగొని పోవును.

ఇందుకు ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జు తీసిన 'ది స్టీరేజి' మంచి నిదర్శనము. స్టీరేజి యనగా ఓడలో మిక్కిలి చవుకయగు తరగతి. 1907లో ఆయన న్యూయార్కునుండి ఐరోపాకు మొదటి తరగతిలో పోవుచు, ఒకనాడు పైనుండి క్రిందికి జూచెను. అచ్చట పేద ప్రయాణికులు రెండంతస్తులలో క్రిక్కిఱిసి యుండిరి. నడుమ తెల్లరంగు వేసిన నడకవంతెన యొకటి ఏటవాలుగా సాగియుండెను. ఆయన గదికి పరుగెత్తి కెమెరా తెచ్చెను. మిగిలియున్న ప్లేటు ఒక్కటేయని ఆయనయే చెప్పియున్నాడు. ఆ లోపల జనులు కదలకుండుటచే చిత్రము దక్కినది. దానిని 1911లో తన పత్రికయగు 'కెమెరా వర్కు'లో ప్రకటించెను.

వంతెనకు పైన టోపీలు ధరించిన పురుషులే హెచ్చు. క్రింద బిడ్డలతో తల్లులు. వంతెనమీద నెవ్వరును లేరు. ఆ శూన్యమగు గీతయే మన చూపును వారినుండి వీరికి నడిపించును. వారిని వేఱుపఱచునదియు నదియే. వీరు అమెరికాకు వలసపోవువారని పలువురు భ్రమపడుదురు. నిజమునకు ఐరోపాకు మరలిపోవుచున్నవారు.

కెమెరాను ఊఱక వంచిపట్టినచో ఏ గీతయైనను వాలును. అట్టి చిత్రము గోడకు వంకరగా వ్రేలాడు పటమువలె నుండును. నిలుచుచోటు మార్చుట మేలు. బడి వరండాకు ఎదురుగా నిలిచినచో గచ్చు అంచు అడ్డుగీతయే. ఒక కొసకు పోయి చూచినచో అదే అంచు వాలి, స్తంభముల పాదములవెంట దూరమునకు సాగిపోవును.