గెలిచిన రాత్రి తీయాల్సిన నోటుబుక్కు

ముప్పై రెండేళ్లు డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. ఉదయగిరి, దుత్తలూరు, మర్రిపాడు, ఆత్మకూరు. ఎటు బదిలీ చేసినా ఈ మెట్ట ప్రాంతం దాటలేదు. ఎక్కడికెళ్లినా ఒక చేతిలో విజిలు, ఇంకో చేతిలో సున్నం డబ్బా. కబడ్డీ అన్న పేరు ఇప్పటి పిల్లలకు టీవీ నేర్పింది. మా చిన్నతనంలో అది చెడుగుడు.

2024 అక్టోబరు 18 రాత్రి ఉదయగిరిలో మా వరండాలో టీవీ ముందు పదిమందిమి కూర్చున్నాం. ప్రొ కబడ్డీ పదకొండో సీజన్ తొలి మ్యాచ్, హైదరాబాదు గచ్చిబౌలిలో. మన తెలుగు టైటాన్స్ బెంగళూరు బుల్స్‌ను 37-29తో ఓడించింది. చివరి విజిలు పడకముందే ఆత్మకూరు నుంచి మా మేనల్లుడి ఫోను.

"మామా, చూశ్నావా? పవన్ ఒక్కడే ఉతికి ఆరేశాడు!"

నా పక్కన కూర్చున్న భాయి ఊరుకోలేదు. దిలావర్ భాయి వీధిలో చెక్క గరిటెలు చేసే మనిషి. "పవన్ సంగతి సరే, పట్టు ఎట్టుండాదో చూళ్లేదా మీ అల్లుడు?" అన్నాడు. ఫోను స్పీకర్లో పెట్టాను. ఉదయగిరికీ ఆత్మకూరుకూ అరగంట వాదన. ఆ అరగంటలోనూ, మర్నాటి రాత్రీ నాకు తట్టినవి, అంతకుముందు మైదానంలో దెబ్బలు తిని నేర్చుకున్నవి కలిపి ఈ పాఠాలు.

1. లెక్క తీయాల్సింది గెలిచిన రాత్రే

ఓడితే ఎవరూ చెప్పకుండానే అందరూ లెక్కలు తీస్తారు. వాడెందుకు పోయాడు, వీడెందుకు పట్టలేదు అని తెల్లారేదాకా పంచాయతీ. గెలిస్తే మాత్రం తప్పులన్నీ విజిల్స్‌లో కొట్టుకుపోతాయి. అందుకే నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. కూతకు పోయి ఉత్త చేతులతో వచ్చినవెన్ని, మన పొరపాటుతో ఇచ్చిన పాయింట్లెన్ని, పట్టబోయి జారవిడిచినవెన్ని అని గీతలు పెడతాను.

ఎనిమిది పాయింట్ల తేడా అంటే వినడానికి ఘనంగా ఉంటుంది. కానీ ఏడుగురూ బయటికి పోతే ఏడు, ఆలౌట్‌కు అదనంగా రెండు. మొత్తం తొమ్మిది. అంటే ఎనిమిది పాయింట్ల ఆధిక్యం ఒక ఆలౌట్‌కు కూడా చాలదు. ఈ లెక్క తెలిసినవాడు గెలిచిన రాత్రి చప్పట్లూ కొడతాడు, పెన్సిలూ తీస్తాడు.

2. కూతగాడి మీదున్న కన్ను కాసేపు పట్టేవాళ్ల మీదికి తిప్పు

టీవీ కెమెరా కూతగాడి వెంటే పోతుంది. మన కన్నూ దాని వెంటే పోతుంది. ఆ మ్యాచ్‌లో పవన్ సెహ్రావత్ 13 పాయింట్లు తెచ్చాడు, మా అల్లుడు మురిసిపోవడంలో తప్పు లేదు. అయితే కార్నర్‌లో నిలబడ్డ క్రిషన్ ధుల్ పట్టుల్లో ఆరు పాయింట్లు తీశాడు. భాయి మాటలో పస అక్కడుంది.

పట్టేవాళ్ల కాళ్లు చూడండి. ముప్పై సెకన్ల కూత. రెండు కూతలు ఉత్తవి పోతే మూడోది చావో రేవో, పాయింటు తేకపోతే కూతగాడే ఔటు. కాబట్టి తెలివైన జట్టు మొదటి రెండు కూతలకూ ఎగబడదు, వెనక్కి తగ్గి కాలం గడిపిస్తుంది. మూడో కూతలో వాడే లోపలికి రావాలి. అప్పుడు పట్టు.

ఇది పిల్లలకు నేర్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. నా దగ్గర ఒక కుర్రాడు ఉండేవాడు, ఎడమ మూల వాడిది. కూతగాడు దగ్గరికొస్తే చాలు, కుడికాలి బొటనవేలు మట్టిలోకి గుచ్చేవాడు. ఆ వేలు చూసి ఎదుటి కూతగాడు వీడు దూకబోతున్నాడని కనిపెట్టేసేవాడు. మూడు నెలలు వాణ్ని ఆ వేలు కదపకుండా నిలబెట్టడమే నా పని. పట్టడం వాడికి ముందే వచ్చు. ఆగడమే రాలేదు.

3. మొనగాడు ఒక్కడుంటే జట్టు గట్టెక్కదు

అంతకు ముందు సీజన్ వేలంలో టైటాన్స్ పవన్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు కొనుక్కుంది. అప్పటికి లీగ్‌లో అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజన్‌లో 22 మ్యాచులాడి గెలిచింది రెండే. పట్టికలో అట్టడుగు. అంతకుముందు రెండు సీజన్లూ అదే అడుగు.

పవన్ ఆట తగ్గి అలా జరగలేదు. కబడ్డీలో ఎంత మొనగాడైనా పట్టుబడితే గీత బయట కూర్చోవాల్సిందే. తనవాళ్లు ఎదుటివాణ్ని ఔటు చేసి పాయింటు తెస్తేనే మళ్లీ లోపలికొస్తాడు. మొనగాడు బెంచీ మీద కూర్చున్నప్పుడు మిగతావాళ్లు ఏం చేశారన్నదే జట్టు బలం. అల్లుడితో అదే అన్నాను: "పవన్ బయట కూచున్న నిమిషాలు లెక్కపెట్టు అబ్బయా, అప్పుడు ఎవరు ఆడారో చెప్పు."

4. సొంత గడ్డ బలమూ అవుతుంది, బరువూ అవుతుంది

మట్టి బరి రోజుల్లో సొంత గడ్డంటే నిజంగా సొంత గడ్డే. ఏ మూల ఇసుక ఎక్కువో, ఎక్కడ నేల కాస్త వాలుగా ఉందో, సాయంత్రం ఎండ ఎవరి కళ్లలో పడుతుందో మాకు తెలుసు. టాస్ గెలిస్తే ముందు ఎండ చూసుకునేవాళ్లం. ఇప్పుడు ఎక్కడ చూసినా ఒకటే మ్యాట్, పదమూడు మీటర్లకు పది. పైన లైట్లు. సొంతమని చెప్పుకోవడానికి జనం కేకలు తప్ప ఏం మిగల్లేదు.

ఆ కేక కత్తిలాంటిది, రెండు వైపులా పదును. తిరునాళ్ల పోటీలో సొంతూరి ముందు ఆడేటప్పుడు మా పిల్లలు తెగ దూకేవాళ్లు. అత్తలు, మామలు, పక్కవీధి ఆడపిల్లలు చూస్తున్నారని. ఆగాల్సిన చోట ఆగకుండా ఎగబడి పాయింట్లు పోగొట్టుకునేవాళ్లు. బయటి ఊళ్లో అయితే ఆ పిల్లలే బుద్ధిగా ఆడేవాళ్లు.

మా ఉదయగిరి కోట చరిత్రే చూడండి. 1513లో శ్రీకృష్ణదేవరాయలు ముట్టడిస్తే, గజపతుల తరఫున లోపలున్నవాళ్లు దాదాపు ఏడాదిన్నర నిలిచారు. ఆ కొండ ఎక్కి చూస్తే ఎందుకు నిలిచారో తెలుస్తుంది. బయట ఉన్నవాడు మాత్రం ఊరికే కూర్చోలేదు. కొండల్ని తొలిపించి సైన్యానికి దారులు వేయించాడని పోర్చుగీసు నూనిజ్ రాశాడు. 1514లో కోట రాయలదైంది. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహం హంపీకి వెళ్లింది. లోపలివాళ్లు రాతిని నమ్ముకున్నారు, బయటివాడు ఆ రాతిలోనే దారి చేసుకున్నాడు. మన గడ్డ మీద మనల్ని ఎట్లా ఓడించాలో ఎవడో ఒకడు ఎప్పుడూ లెక్కలు వేస్తూనే ఉంటాడు.

5. అతుకు దగ్గర చూడు

ఇది భాయి నేర్పిన పాఠం. ఆ రాత్రి వాదన మధ్యలో జేబులోంచి ఒక చెక్క చెంచా తీశాడు, అప్పుడే ఆకురాయి పట్టించి తెచ్చింది. "కొనేవాళ్లు దీని నునుపు చూస్తారు సార్. నేను ఇక్కడ చూస్తా" అంటూ గిన్నె భాగం కాడను కలిసేచోట గోరుతో నొక్కాడు. "విరిగితే ఇక్కడే విరుగుద్ది."

కబడ్డీ జట్టుకూ అలాంటి చోటు ఒకటుంది. మూలలో ఉన్నవాడికీ పక్కనున్న కవర్‌కూ మధ్య సందు. చేతులు పట్టుకుని గొలుసులా కదులుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. మూలవాడు కాలు పట్టగానే కవర్ వచ్చి మీద పడాలి. అర క్షణం ఆలస్యమైందా, కూతగాడు ఆ సందులోంచే నడిగీత మీదికి చేయి చాపుతాడు. గెలిచిన మ్యాచ్‌లో కూడా అలా జారిపోయినవి రెండు మూడు ఉంటాయి. పెద్ద తేడాతో గెలిచాం కాబట్టి గుర్తుండవు. ఎదుటి జట్టు మాస్టారికి మాత్రం బాగా గుర్తుంటాయి.

6. వాడు ఇచ్చిందీ మనం తీసుకున్నదీ వేరు చెయ్యి

ఆ రోజు బుల్స్ తరఫున పర్‌దీప్ నర్వాల్ ఆడాడు. నడుం వంచి పట్టేవాళ్ల చేతుల కిందినుంచి దూరిపోయే 'డుబ్కీ'తో పేరుపడ్డవాడు. ఆ రాత్రి అతనికి ఆట కుదరలేదు. మనవాళ్లు కుదరనివ్వలేదా, అతనికే కాలం కలిసిరాలేదా? రెండూ కొంత కొంత ఉంటాయి. ఎంతెంతో విడదీయగలిగినవాడే ఆట తెలిసినవాడు.

మా పిల్లలతో దీన్ని రెండు నిలువు వరసల్లో రాయించేవాణ్ని. ఎదుటివాడు గీత తొక్కి పోగొట్టుకున్న పాయింటు ఎడమ వరసలో, మనం పట్టి తెచ్చుకున్నది కుడి వరసలో. ఎడమ వరస పొడుగైతే మిఠాయి పంచొద్దని చెప్పేవాణ్ని. పిల్లలు నన్ను పిసినారి అనుకునేవాళ్లు.

7. రెండో రోజు కోసం కాళ్లు దాచుకో

మర్నాడు అక్టోబరు 19. అదే గచ్చిబౌలి, అదే మ్యాట్, అదే జనం. తమిళ్ తలైవాస్ మన టైటాన్స్‌ను 44-29తో ఓడించింది. ముందురోజు ఎనిమిదితో గెలిచినవాళ్లు ఇరవైనాలుగు గంటలు తిరిగేసరికి పదిహేనుతో ఓడారు. మా వరండాలో ముందురోజు పదిమంది. ఆ రాత్రి చివరికి నేనూ భాయీ మిగిలాం.

నాకు కొత్త కాదు ఇది. నేను పనిచేసిన ఒక ఊళ్లో సంక్రాంతి పోటీలు. సెమీస్‌లో మా పిల్లలు పొరుగూరి జట్టును చిత్తుగా ఓడించారు. ఊరంతా వాళ్లను భుజాల మీద తిప్పింది. రాత్రి పదకొండింటికి మాంసం పులుసుతో భోజనం, ఆ తర్వాత డప్పులు. వద్దని చెప్పాల్సింది నేను. ఆ సంతోషంలో నేనూ పడిపోయాను. పొద్దున ఫైనల్లో మా ఎడమ మూల కుర్రాడి కాళ్లు కదల్లేదు. ఎదుటి జట్టువాళ్లు ముందురోజు సాయంత్రం చెట్టుకింద కూర్చుని మా సెమీస్ మొత్తం చూశారట. మా అతుకు ఎక్కడుందో వాళ్లకు తెలిసిపోయింది. ఆ ఓటమి పిల్లలది కాదు, నాది. ఆ రోజు నుంచే నోటుబుక్కు.

8. ఓడించినవాడి దగ్గరే పాఠం చెప్పించుకో

ఫుట్‌బాల్లో మనకు రహీం సాహెబుండేవాడు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా మొదలై సిటీ పోలీసు జట్టును, దేశపు జట్టును తీర్చిదిద్దిన మనిషి. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానం దాకా వెళ్లింది ఆయన చేతికిందే. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్లు మొదట దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడారు. ఫైనల్లో మళ్లీ ఎదురైంది ఆ కొరియాయే. మధ్యలో వెనకవరసలో ఆడే జర్నైల్ సింగ్ తలకు గాయమైంది. రహీం అతణ్ని ఇంటికి పంపలేదు, ముందువరసలోకి మార్చాడు. ఫైనల్లో జర్నైల్ గోల్ కొట్టాడు, భారత్ 2-1తో గెలిచింది. మరుసటి ఏడాది జూన్‌లో రహీం క్యాన్సర్‌తో పోయాడు.

ఆ స్వర్ణం గురించి చెప్పేటప్పుడు అందరూ 2-1 దగ్గర మొదలుపెడతారు. నేను పిల్లలకు 0-2 దగ్గర మొదలుపెట్టి చెప్పేవాణ్ని.

9. నోటుబుక్కు మూసేయకు

అక్టోబరు 19 రాత్రి కూడా ఆత్మకూరు నుంచి ఫోను వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. నేనే చేశాను. మా వాడు ఎత్తి, "ఏముంది మామా చెప్పేదానికి?" అన్నాడు నీరసంగా. "నిన్న చెప్పాల్సింది ఇయ్యాల చెప్పుకుందాం రా" అని ముందురాత్రి గీతలు చదివి వినిపించాను. మూల దగ్గర సందు, ఉత్త కూతలు, అన్నీ. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇది నిన్ననే చెప్పుంటే కొట్టేవాణ్ని మామా నిన్ను" అన్నాడు.

ఆ సీజన్ టైటాన్స్ ఏడో స్థానంలో ఆగింది. అప్పట్లో ప్లేఆఫ్స్‌కు పోయేవి ఆరు జట్లే. సొంత గడ్డ మీద గెలుపుతో మొదలైన ఏడాది గడప దగ్గర ముగిసింది.

2025 ఆగస్టు 29న విశాఖలో మళ్లీ తొలి మ్యాచ్, మళ్లీ తలైవాస్. ఈసారి పవన్ అటువైపు. మనవాళ్లు 35-38తో ఓడారు. వరండాలో జనం మొహాలు వేలాడేసుకుని లేచిపోయారు. ఆ ఏడాదే టైటాన్స్ ప్లేఆఫ్స్‌లో అడుగుపెట్టింది. ఆ వార్త తెలిసిన రోజు ఆత్మకూరు నుంచి ఫోను మోగింది. అరుపులు, ఈలలు వినిపిస్తాయని ఫోను చెవికి కాస్త ఎడంగా పెట్టాను.

"మామా, పెన్సిలుందా? రాసుకో," అన్నాడు మా అల్లుడు. "మనవాళ్లు జారవిడిచినవి చెప్తా."